నిజాం బాకీ మా పద్దులో

ప్రతి యేడూ సెప్టెంబరు 17 వచ్చేసరికి మాకొక పరీక్ష ఎదురవుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో టీ బంకు దగ్గర నిలబడితే చాలు. పేపరు చదువుతున్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏం సాయిబుగారూ, ఇవాళ మీ నిజాం దిగిపోయిన రోజుట! మీకు పండగా, తద్దినమా?" అంటాడు. ఆయన మాకు పగవాడు కాడు. రంజాను నాడు మా ఇంటికొచ్చి షీర్‌ఖుర్మా తాగి వెళ్ళేవాడే. ఆ మాటలో విషం లేదని మాకూ తెలుసు. అయినా 'మీ నిజాం' అన్న రెండు ముక్కలు ఆయన నోటికి అంత తేలిగ్గా ఎట్లా వచ్చాయి? మేం ఏనాడు నిజాం రైతులం? మా తాతలు ఏనాడు ఆయన ఖజానాకు శిస్తు కట్టారు?

మేం నవ్వేసి, టీ తాగి వచ్చేస్తాం. మా అబ్బాలూ అట్లాగే నవ్వేసి వచ్చారు. ఈ నవ్వు వెనక ఉన్న లెక్క ఏమిటో ఒకసారి తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలు.

ముందు తేదీలు చూద్దాం. 1759లో ఇంగ్లీషు కుంపినీ సైన్యం బందరు కోటని ఫ్రెంచివాళ్ళ నుంచి పట్టుకుంది. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లని కుంపినీకి అప్పజెబుతూ ఒడంబడిక రాసిచ్చాడు. వాటి మీద మిగిలిన హక్కును కూడా 1823లో హైదరాబాదు కొలువు రొక్కం పుచ్చుకుని వదులుకుంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలై 1855కి పూర్తయింది. ఈ డెల్టా ఇంత పచ్చగా మారింది కుంపినీ హయాంలో. అంటే 1948 నాటికి కృష్ణా డెల్టా నిజాం ఏలుబడి దాటి 180 ఏళ్ళ పైమాట. మావాళ్ళు దూది ఏకారు. పెడనలో, బందరులో కలంకారీ అద్దారు. జట్కాలు తోలారు, బట్టలు కుట్టారు, కౌలుకు మళ్ళు దున్నారు. పన్ను కట్టింది తెల్లదొరకి. మాట పడుతున్నది నిజాం పేరు మీద.

నిజాం అమ్ముకున్న నేల మీద పుట్టినవాళ్ళం మేం. అమ్మినవాడికి మమ్మల్ని వారసులని అనడం ఏ దస్తావేజు ప్రకారం?

ఈ తికమక ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోతే 1947 దగ్గర ఆగాం. బ్రిటిషువాడు వెళ్ళిపోతూ, సంస్థానాల మీద తన పెత్తనం కూడా అంతటితో రద్దయిపోయిందన్నాడు. 82,698 చదరపు మైళ్ళ నేల, కోటీ 63 లక్షల జనం ఉన్న హైదరాబాదు ఏమవ్వాలి? ఇండియాలో కలవాలా? స్వతంత్ర దేశంగా ఉండిపోవాలా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ నేల మీద బతుకుతున్నవాళ్ళు. వాళ్ళని ఎవరూ అడగలేదు. స్వతంత్రంగా ఉంటానని నిజాం 1947 జూన్‌లోనే ఫర్మానా ఇచ్చేశాడు. ఆ యేడు నవంబరు 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. ప్రజల ఓటు అడగాలన్న మాట సంప్రదింపుల్లో వచ్చింది, సంప్రదింపుల్లోనే పోయింది. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. అందులో ఒక దండు మా బెజవాడ వైపు నుంచే వెళ్ళింది. 17న నిజాం లొంగిపోయాడు.

అక్కడి జనానికి నోరు విప్పే సందు దొరకలేదు గానీ, ఆ నేలకి బయట ఉన్నవాళ్ళు మాత్రం ఎంతో మాట్లాడారు, ఎంతో రాశారు. ఆ బయటివాళ్ళు ఒక తీరువాళ్ళు కాదు. ఆ నేల వదిలి వచ్చినవాళ్ళు కొందరు, ఆ నేలని ఎన్నడూ చూడనివాళ్ళు కొందరు. వాళ్ళ రాతలే ఇవాళ చరిత్రగా చలామణి అవుతున్నాయి. వాటిని మేం విమర్శకు పెడుతున్నాం. మా కొలబద్ద ఒక్కటే. ఒక నేల స్వతంత్రంగా ఉండాలనో, వద్దనో దూరాన కూచుని చెప్పేవాడు, ఆ మాటకి మూల్యం చెల్లించబోయే మనిషిని తలుచుకున్నాడా లేదా?

మొదటి గుంపు మా వీధుల్లోకే వచ్చింది. రజాకార్ల దౌర్జన్యం భరించలేక కొందరు, జైలు తప్పించుకోడానికి కొందరు తెలంగాణ నుంచి సరిహద్దు దాటి జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ వైపు వచ్చి తలదాచుకున్నారు. ప్రవాసులంటే సముద్రం దాటినవాళ్ళే కానక్కర్లేదు. మునగాల దాటొచ్చి బెజవాడ సత్రంలో పడుకున్నవాడు కూడా వతన్ పోగొట్టుకున్నవాడే. హైదరాబాదు ఇండియాలో కలవాల్సిందేనని వాళ్ళన్నారు. ఆ మాటలో కాలిన ఇళ్ళ వాసన ఉంది. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండని మేం ఎన్నడూ చిన్నది చెయ్యం. రజాకార్లని సమర్థించాల్సిన పని మాకు లేదు. ఉందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మనసులోని మురికి.

ఆ వచ్చినవాళ్ళ పక్కన నిలబడి డెల్టా పార్టీలు, డెల్టా రచయితలు మాట్లాడారు. 1946లోనే పుచ్చలపల్లి సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాశారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మా భూమి' నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకానికి ప్రేరణ ఎవరు? విసునూరు దొరకి ఎదురు నిలిచి ప్రాణమిచ్చిన షేక్ బందగీ. ఒక గరీబు ముసల్మాను చావుని తమ చావు అనుకుని డెల్టా జనం కన్నీళ్ళు పెట్టుకున్న కాలం ఒకటుంది! మరి ఆ బందగీ ఏమైపోయాడు? 1948 తరవాత జనం జ్ఞాపకంలోంచి బందగీ దిగిపోయాడు. ఆ పీట మీద కాశిం రజ్వీ ఎక్కి కూచున్నాడు. దొర మీద తిరగబడ్డ సాయిబు మరుగునపడి, దొర పక్కన కత్తి పట్టుకున్న సాయిబే మా అందరికీ గుర్తుగా మిగిలాడు. ఇది మా మొదటి ఫిర్యాదు.

రెండోది కూడా చెప్పాలి. డెల్టా నుంచి వచ్చిన 'కలవాలి' అన్న మాటలో తెలంగాణ రైతు విముక్తి ఒక్కటే లేదు. విశాలాంధ్ర కల కూడా ఉంది. అది 1956లో నెరవేరింది. 2009 డిసెంబరు నుంచి 2014 జూన్ దాకా తెలంగాణ విడిపోవాలా వద్దా అని కొట్టుకున్నప్పుడు, డెల్టా నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు ఎంతోమంది అక్కడి సభల్లో 'విడిపోవద్దు' అని తీర్మానించేశారు. తెలంగాణ నుంచి వెళ్ళినవాళ్ళు అదే ఊళ్ళో ఇంకో హాల్లో కూచుని 'విడిపోవాల్సిందే' అన్నారు. రెండు హాళ్ళలోనూ మాట్లాడినవాళ్ళు మర్నాడు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. ఏ నిర్ణయం జరిగినా వాళ్ళ గ్రీన్‌కార్డు రంగు మారదు. తెలంగాణ విడివడటం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. మా మాట అది కాదు. మర్నాటి పొద్దున తన బతుకు మారనివాడికి అంత గట్టి గొంతు ఎక్కణ్ణించి వస్తుందన్నదే మా మాట.

ఇప్పుడు అవతలి గుంపు దగ్గరికి వద్దాం. ఇక్కడ మావాళ్ళకి కోపం వస్తుందేమో. రానీండి.

హైదరాబాదు స్వతంత్రంగా ఉండాలన్నవాళ్ళ మాట ప్యారిస్ దాకా వెళ్ళింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న భద్రతామండలి ప్యారిస్‌లో ఆ ఫిర్యాదు విన్నది. మర్నాడే యుద్ధం ముగిసింది. 22న నిజాం తానే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అయినా పాకిస్తాన్ ఆ మాటని 1949లో కూడా మండలిలో లేవనెత్తింది. ప్రధానిగా ఉన్న మీర్ లాయక్ అలీ 1950లో కాపలా తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. 1962లో ఆయన ఇంగ్లీషులో రాసిన 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' కరాచీలో వెలువడింది. కాశిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై కరాచీ వెళ్ళి, 1970లో అక్కడే చనిపోయాడు. కరాచీలో హైదరాబాదు కాలనీ ఒకటి వెలిసింది. అక్కడ బఘారా బైంగన్ వండుకుంటూ, పోయిన రాజ్యాన్ని తలుచుకుంటూ రెండు తరాలు గడిచాయి.

వాళ్ళ దుఃఖం అబద్ధమని మేం అనం. ఇల్లు పోయినవాడి దుఃఖం ఎవరిదైనా దుఃఖమే. కానీ లాయక్ అలీ పుస్తకం తెరిస్తే అందులో కనబడేది కొలువు, మంత్రులు, సంప్రదింపులు, ఢిల్లీ రాయబారాలు. ఆ రాజ్యంలో వెట్టి చేసిన మాదిగ ఏమనుకున్నాడు? దేశముఖు గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన రైతు ఏమనుకున్నాడు? ఆ రైతుల్లో ముసల్మానులు లేరా? ఎనిమిది మందిలో ఒకరు మాత్రమే ముస్లింలైన రాజ్యాన్ని ముస్లిం రాజ్యమని పిలిస్తే, ఆ పేరుకి రేపు ఎవరు జవాబుదారీ అవుతారన్న ఆలోచన ఆ పెద్దలకి వచ్చిందా? రజాకార్లకి జెండా ఇచ్చినవాళ్ళు విమానాల్లోనో, అర్ధరాత్రి కార్లలోనో వెళ్ళిపోయారు. ఉస్మానాబాదులో, గుల్బర్గాలో, బీదర్‌లో, నాందేడ్‌లో వెళ్ళడానికి చోటులేనివాళ్ళు దొరికిపోయారు.

దొరికిపోయినవాళ్ళ సంగతి ఒకే ఒక్క కాగితం చెప్పింది. నెహ్రూ పంపించగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 చివర్లో ఆ జిల్లాలన్నీ తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరవాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని, అది తగ్గించి వేసిన అంచనాయేనని రాశారు. ఆ నివేదికను పెట్టెలో పెట్టి తాళం వేశారు. మామూలు చదువరి చేతికి అది పూర్తిగా అందడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. అందులో ఇంకొక సంగతి ఉంది, దాన్ని మేం మళ్ళీ మళ్ళీ చదువుకుంటాం. ఆ పిచ్చి ముదిరిన రోజుల్లో కూడా తమ ప్రాణాలకి తెగించి ముస్లింలని కాపాడిన హిందువులున్నారని, ముఖ్యంగా ఒకే వృత్తివాళ్ళు ఒకరికొకరు అడ్డం నిలిచారని, హిందూ నేతగాళ్ళు ముస్లిం నేతగాళ్ళని కాపాడారని అందులో రాశారు. మగ్గం ముందు కూచునే మనిషికి పక్క మగ్గం మనిషి ఎవరో తెలుసు. అది కరాచీలో ఉన్నవాడికీ తెలియలేదు, బెజవాడలో ఉపన్యాసం ఇచ్చినవాడికీ తెలియలేదు.

డబ్బు సంగతి చూడండి. 1948 సెప్టెంబరు 20న, అంటే లొంగిపోయిన మూడో రోజున, లండన్ బ్యాంకులో ఉన్న నిజాం డబ్బు 10 లక్షల 7 వేల 940 పౌన్ల చిల్లర పాకిస్తాన్ హైకమిషనరు పేరుకి మారింది. తను చెప్పలేదని నిజాం అన్నాడు. బ్యాంకు ఆ సొమ్మును కదలనివ్వలేదు. 70 యేళ్ళు కోర్టుల్లో నలిగి, 2019 అక్టోబరు 2న అది ఇండియాకి, నిజాం వారసులకి చెందుతుందని లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి వడ్డీతో కలిసి మూడున్నర కోట్ల పౌన్లయింది. నిజాం వారసులెవరో లండన్ కోర్టు ఇంత స్పష్టంగా తేల్చింది గదా! అందులో వించిపేట దర్జీ పేరు గానీ, పెడన అద్దకంవాడి పేరు గానీ లేదు. ఆస్తి పంచేటప్పుడు మేం వారసులం కాం. నింద పంచేటప్పుడు మాత్రం తొలి వాటా మాకే!

1948 సెప్టెంబరులో మా డెల్టా ఇళ్ళలో ఏం జరిగింది? ఏ పుస్తకంలోనూ లేదు, మా నానీల నోళ్ళలో ఉంది. బెజవాడ రోడ్డు మీద పగలూ రాత్రీ సైన్యం లారీలు పోతుంటే మగవాళ్ళు రూమీ టోపీలు తీసి ట్రంకు పెట్టె అడుగున దాచారట. దాచింది సైన్యానికి భయపడి కాదు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని. ఆ టోపీకి నిజాంతో ఏం పని? అయినా దాచారు. నిన్నటిదాకా "ఖాదర్ బాబాయ్" అని పిలిచిన పిల్లలు ఆ వారం రోజులూ పిలవకపోతే, ఎందుకు పిలవలేదో అడగలేకపోయారు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. అందుకే అది చరిత్రకి ఎక్కలేదు. మా మీద జరిగింది దాడి కాదు, ఒక అనుమానం. అనుమానానికి ఎఫ్ఐఆర్ ఉండదు.

మరి హైదరాబాదు స్వతంత్రం గురించి మా డెల్టా ముస్లింల అభిప్రాయం ఏమిటి? నిజం చెప్పాలంటే అందరిదీ ఒకటి కాదు. నిజాం పేరు వింటే పొంగిపోయినవాళ్ళు మాలో ఉన్నారు. ఉర్దూలో పై చదువులు చెప్పిన ఉస్మానియాని తలుచుకుని మురిసినవాళ్ళున్నారు. సముద్రం లేని ఆ రాజ్యానికి బందరు రేవు కావాలన్న పాత కోరికని పట్టుకుని, ఏదో ఒకనాడు మళ్ళీ కలుస్తామని కలగన్నవాళ్ళూ ఉండే ఉంటారు. ఇవాళ జెద్దాలోనో, కువైట్‌లోనో కూచుని ఆసఫ్‌జాహీ వైభవం గురించి ఇంటికి ఫోన్లు చేసే మా పిల్లలూ ఉన్నారు. వాళ్ళకి మేం చెప్పేది ఒకటే: బాబూ, నువ్వు తలుచుకునే ఆ వజ్రాల హారం కింద వెట్టివాడి వీపు ఉంది. దాన్ని కూడా తలుచుకో. హైదరాబాదు నడిబొడ్డున ఉంటూనే ఇండియాలో కలవాలని రాసిన షోయబుల్లా ఖాన్‌ని తలుచుకో. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. 1948 ఆగస్టులో ఆయన్ని నరికి చంపారు. ఆయనా ముసల్మానే. ఆ మాట అంటే ప్రాణం పోతుందని తెలిసి, ఆ ఊళ్ళోనే ఉండి అన్నాడు. దూరం నుంచి వచ్చిన వెయ్యి అభిప్రాయాలు ఒక పక్క, ఆ ఒక్కటి ఒక పక్క.

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డు మీదే ఇంకొక పాఠం ఉంది. కంచికచర్ల దగ్గర పరిటాల. నిజాం సర్కార్లని వదులుకున్నప్పుడు వజ్రాల గనులున్న కొన్ని ఊళ్ళని తనకే ఉంచుకున్నాడు. చుట్టూ ఇంగ్లీషు జిల్లా, నడుమ నిజాం ఊళ్ళు. 1947లో పరిటాల, దాని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇక నిజాం ఏలుబడి మాకొద్దని తమంతట తామే ప్రకటించుకున్నారు. పరిటాల రిపబ్లిక్ అని దానికి పేరొచ్చింది. ఆ ఊళ్ళు తరవాత కృష్ణా జిల్లాలో కలిసిపోయాయి. లోకం దాన్ని పట్టించుకోలేదు. కానీ మాకు అది పెద్ద సంగతి. అక్కడ మాట్లాడినవాళ్ళు ఆ మట్టి మీద నిలబడి మాట్లాడారు. ఆ మాట వల్ల మంచి జరిగినా, చెడు జరిగినా మర్నాడు అనుభవించేది వాళ్ళే. స్వాతంత్ర్యం గురించి అభిప్రాయం చెప్పే మొదటి హక్కు అట్లాంటివాళ్ళది.

ఇవాళ ఏం జరుగుతోంది? సెప్టెంబరు 17కి పేరు పెట్టడంలోనే పోటీ. విమోచన అని ఒకరు, విలీనం అని ఒకరు, సమైక్యత అని ఇంకొకరు. 2022లో ఒకే రోజున హైదరాబాదులో రెండు ప్రభుత్వాలు రెండు పేర్లతో రెండు సభలు పెట్టాయి. 2024లో లోక్‌సభ ఎన్నికల ముందు 'రజాకార్' సినిమా వచ్చింది. తెర మీద గడ్డాలూ కత్తులూ చూసి బయటికొచ్చిన కుర్రాడు మా వీధి కుర్రాణ్ణి కొత్తగా చూస్తాడు. వాడూ వీడూ పుట్టింది 1948కి యాభై యేళ్ళ తరవాత. ఇద్దరికీ నిజాం ఎవరో తెలీదు. అయినా బాకీ మాత్రం వీడి పద్దులోనే నడుస్తోంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. తెలుగులో మేం మా గొంతుతో మాట్లాడటం నేర్చుకున్నాం. కానీ మాలో మాకే ఒక తేడా ఉందని ఒప్పుకోవాలి. తెలంగాణ ముస్లింకి నిజాం ఒక అనుభవం, మంచో చెడో. డెల్టా ముస్లింకి నిజాం ఒక నింద మాత్రమే. ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి రాస్తే మా కథ మళ్ళీ ఇంకొకరి కథ కింద పడిపోతుంది. ట్రంకు పెట్టె అడుగున దాచిన టోపీ గురించి, పిలవడం మానేసిన పక్కింటి పిల్లల గురించి, ఆ తరవాత మళ్ళీ పిలిచిన రోజు గురించి మేమే రాయాలి. నానీలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రాబోయే సెప్టెంబరు 17న కూడా ఆ పెద్దాయన టీ బంకు దగ్గర మమ్మల్ని అడుగుతాడు. ఈసారి మేం నవ్వేసి రాము. ఆయన పక్కన బల్ల మీద కూచుంటాం. "అయ్యా, ఆయన మా నిజాం కాదు. ఈ నేలని కుంపినీకి అప్పజెప్పినవాడు మీకెంతో మాకూ అంతే. మీకు తీరిక ఉంటే మా నానీ చెప్పిన సంగతి ఒకటి చెబుతాం, వింటారా?" అని అడుగుతాం. వింటే ఇంకో టీ చెబుతాం. వినకపోతే మా టీకి డబ్బులు మేం కట్టి వచ్చేస్తాం. ఆ ఒక్క బాకీ మాత్రం మాదే.